కార్డు నిండితే పరపతి తరుగుతుంది



వంటిల్లు సర్దుకుని కాస్త నడుం వాల్చే ఈ మధ్యాహ్నం వేళ అప్పుల మాట ఎత్తుతున్నానని విసుక్కోకండి. అప్పుల్లో మునిగినవాళ్ళకే కాదు, ఏ నెల బాకీ ఆ నెల తీర్చే జాగ్రత్తపరులకు కూడా తెలియవలసిన సంగతి ఒకటి ఉంది. క్రెడిట్ కార్డు మీద ఒక్క గడువు కూడా తప్పకుండా కడుతూనే, మన పరపతిని మనం తగ్గించుకునే ప్రమాదం ఉంది. అదెట్లాగో మా ఇంట్లో జరిగిన ముచ్చటే చెబుతాను, వినండి.

మా ఆడబిడ్డను మైపాడు దగ్గర ఒక పల్లెకు ఇచ్చాము. మిద్దె ఎక్కితే సముద్రం కనబడుతుంది. వాళ్ళాయనకు నాలుగెకరాల రొయ్యల గుంటలు. రొయ్యల సాగు సంగతి మన నెల్లూరు వాళ్ళకు కొత్తగా చెప్పనక్కరలేదు. పిల్లను వదిలిన నాటి నుంచి పట్టుబడి దాకా మూడు నాలుగు నెలలు డబ్బు గుంటలోకి పోతూనే ఉంటుంది. మేత, మందులు, నీళ్ళకు గాలి అందించే ఏరియేటర్లు, కరెంటు పోతే జనరేటరుకు డీజిలు. పట్టుబడి రోజున గానీ రూపాయి చేతికి రాదు. ఆ నడుమ సంసారం నడవాలి కదా!

మా ఆడబిడ్డ ఇంట్లోనే జాకెట్లు కుట్టి, ఏళ్ళ తరబడి కూడబెట్టిన లక్ష రూపాయలను బ్యాంకులో ఫిక్సుడు డిపాజిట్టు వేసుకుంది. నెల జీతం లేని గృహిణికి కూడా అటువంటి డిపాజిట్టు హామీ మీద కొన్ని బ్యాంకులు క్రెడిట్ కార్డు ఇస్తాయి. ఆమెకూ అట్లాగే 80 వేల పరిమితితో ఒక కార్డు వచ్చింది. తన పేరు అచ్చువేసిన ఆ కార్డును చూసుకుని ఎంత మురిసిపోయిందో! మొదట్లో దానిమీద సరుకులు తెచ్చేది. తర్వాత అమ్మాయి కోచింగ్ ఫీజు. ఆ తర్వాత, "నీ కార్డు ఒకసారి ఇయ్యి, పట్టుబడి కాగానే కట్టేస్తా" అని ఆయన డీజిలుకు, మందులకు వాడటం మొదలుపెట్టాడు. చెడ్డ మనిషి కాదు. చెప్పినట్టే ఒక పంటకు మొత్తం కట్టేశాడు కూడా.

2025లో కథ తిరగబడింది. ఆ ఏడు ఏప్రిల్‌లో అమెరికా సుంకాల కబురు రాగానే ఇక్కడ కొనేవాళ్ళు రొయ్య ధర తగ్గించేశారు. ఆగస్టు చివరికి ఆ సుంకం 50 శాతానికి చేరింది. పంట చేతికి వచ్చినా పెట్టుబడి రాలేదు. కార్డు మీద బాకీ 76 వేల దగ్గర నిలిచిపోయింది. అయినా మా ఆడబిడ్డ గడువు తప్పలేదు. "కనీసం ఇంత కట్టండి" అని ఫోనుకు వచ్చిన మొత్తాన్ని ఒకరోజు ముందే కట్టేది. కడుతున్నాను కదా, నాకేం భయమని ధీమాగా ఉంది.

ఇంతలో అమ్మాయికి ఇంజనీరింగులో సీటు వచ్చింది. చదువు అప్పు కోసం తల్లీ కూతుళ్ళు బ్యాంకుకు వెళ్ళారు. తండ్రి పేరున గుంటల అప్పులు ఉండనే ఉన్నాయి గనుక, అమ్మాయితోపాటు తల్లి సంతకం చేయాలని అనుకున్నారు. బ్యాంకులో ఆఫీసరమ్మ కంప్యూటరులో చూసి, "అమ్మా, మీరు కట్టడంలో లోపమేమీ లేదు. కానీ మీ కార్డు ఆర్నెల్లుగా అంచుదాకా నిండే ఉంది. స్కోరు ఏడువందలకు దిగువకు వచ్చేసింది. బాకీ తగ్గించుకుని రండి, అప్పుడు చూద్దాం" అన్నదట.

ఆ సాయంత్రం నాకు ఫోను చేసి ఒకటే ఏడుపు. "వదినా, ఒక్క నెలన్నా ఎగ్గొట్టానా నేను? నా పేరుకు మచ్చ ఏంది?" అని. కాలేజీలో మొదటి ఫీజు కట్టవలసిన గడువు ముంచుకొస్తోంది. చివరికి చేతి గాజులు తీసి తాకట్టు పెట్టింది. పెళ్ళినాడు మా అత్తగారు పెట్టిన గాజులవి.

ఆమె అడిగిన ప్రశ్నకు నేనూ అప్పుడు జవాబు చెప్పలేకపోయాను. తర్వాత తెలుసుకున్నది ఇప్పుడు మీతో చెబుతున్నాను.

వెనకటి రోజుల్లో మన పరపతి మన వీధిలోనే ఉండేది. కిరాణా కొట్టు శెట్టిగారి ఖాతాపుస్తకం, పాల మనిషి గోడమీద గీసిన గీతలు, వీటిలోనే తెలిసేది ఎవరి మాట ఎంత గట్టిదో. ఇప్పుడు ఆ ఖాతాపుస్తకం దేశమంతటికీ ఒకటయింది. మన దేశంలో సిబిల్ అనే సంస్థ 2000లో ఏర్పడింది. 2005లో ఇటువంటి సంస్థలకోసం పార్లమెంటు ఒక చట్టం చేసింది. ఇవాళ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అని నాలుగు సంస్థలు రిజర్వు బ్యాంకు అనుమతితో ఈ పని చేస్తున్నాయి. మనం ఏ బ్యాంకులో అప్పు తీసుకున్నా, ఏ కార్డు వాడినా, ఎంత తీసుకున్నాం, ఎంత కట్టాం, ఇంకా ఎంత ఉంది అన్న వివరాలు వీటికి చేరుతాయి. వాటిని బట్టి 300 నుంచి 900 లోపు ఒక అంకె వేస్తారు. దాన్నే క్రెడిట్ స్కోరు అంటారు. 750 దాటితే మంచిదని సాధారణంగా బ్యాంకులు భావిస్తాయి.

ఈ అంకె వేయడంలో మొదట చూసేది గడువుకు కట్టామా లేదా అని. మనలో చాలామందికి తెలిసింది అంతే. కానీ దాని తర్వాత చూసే పెద్ద విషయం మరొకటి ఉంది. మనకు ఇచ్చిన పరిమితిలో ఎంత భాగం వాడుకున్నాం అన్నది. 80 వేల పరిమితిలో 76 వేలు వాడితే నూటికి 95 పాళ్ళు అన్నమాట. 20 వేలు వాడితే నూటికి 25 పాళ్ళు. గడువుకు కట్టేవాళ్ళే అయినా మొదటి మనిషి స్కోరు తగ్గుతుంది, రెండో మనిషిది నిలబడుతుంది.

ఇదేం న్యాయం అంటారా? నాకూ అట్లాగే అనిపించింది. అప్పుడు మా ఆడబిడ్డ వాళ్ళ మామగారు ఒక మాట అన్నారు. ఆయన వయసులో ఉండగా సముద్రం మీదికి వేటకు వెళ్ళినవాళ్ళను ఎరిగిన మనిషి. "అంచుదాకా బరువేసిన పడవ మునిగిపోయిందని ఎవరంటారమ్మా? తేలుతూనే ఉంటుంది. కానీ ఒక్క అల వస్తే దానికి చోటు లేదు. అందుకే తెలిసినవాడు అందులో ఎక్కడు" అన్నారు. బ్యాంకు చూసేది సరిగ్గా అదే. పరిమితి మొత్తం వాడేసిన మనిషికి రేపు ఇంట్లో జబ్బు వచ్చినా, పంట పోయినా తట్టుకునే చోటు లేదు. అటువంటి వాళ్ళు ముందు ముందు గడువు తప్పే అవకాశం ఎక్కువని వాళ్ళ లెక్క. ఇవాళ మనం తప్పు చేశామని కాదు, రేపటి అలకు చోటు ఉంచుకోలేదని ఆ మార్కులు తగ్గించడం.

ఇక్కడ ఇంకొక మెలిక ఉంది. నెలాఖరుకు పూర్తిగా కట్టేసేవాళ్ళకు కూడా స్కోరు కొంత తగ్గవచ్చు. ఎందుకంటే బ్యాంకు మన వివరం పంపే రోజున కార్డు మీద ఎంత బాకీ కనబడితే అంతే అక్కడికి చేరుతుంది. ఆ తర్వాత వారానికి మీరు పైసలతో సహా కట్టేసినా, ఆ రోజు చిత్రంలో కార్డు నిండుగానే ఉంటుంది. పూర్వం ఈ వివరాలు నెలకు ఒకసారి వెళ్ళేవి. 2025 జనవరి నుంచి కనీసం పక్షానికి ఒకసారి పంపాలని రిజర్వు బ్యాంకు ఏర్పాటు చేసింది. ఇది మనకు మంచిదే. బాకీ తగ్గించుకుంటే ఆ మంచి కూడా తొందరగానే ఎక్కుతుంది. నిండిన కార్డు వల్ల తగ్గిన స్కోరు, బాకీ తగ్గించాక కొద్ది నెలల్లోనే కోలుకుంటుంది. గడువు తప్పిన మచ్చ అట్లా కాదు, ఏళ్ళ తరబడి కనబడుతూనే ఉంటుంది. ఈ రెంటికీ భేదం తెలుసుకుంటే అనవసరంగా దిగులు పడనక్కరలేదు.

స్కోరు తగ్గితే నష్టం అప్పు పుట్టకపోవడమే కాదు. పుట్టినా వడ్డీ పెరుగుతుంది. ఇళ్ళ అప్పులకు చాలా బ్యాంకులు స్కోరును బట్టి వడ్డీ రేటు నిర్ణయిస్తున్నాయి. ఉదాహరణకు 20 లక్షల అప్పు 20 ఏళ్ళకు తీసుకున్నారనుకుందాం. ఎనిమిదిన్నర శాతం వడ్డీకి నెలకు 17,356 రూపాయలు కట్టాలి. అదే తొమ్మిదింపావు శాతమైతే 18,317 రూపాయలు. నెలకు 961 రూపాయలు తేడా. ఇదేమంత అనుకుంటాము. కానీ 20 ఏళ్ళకు అది 2 లక్షల 30 వేలు దాటుతుంది. ముప్పాతిక శాతం ఖరీదు అది!

ఇక "కనీసం ఇంత కట్టండి" అనే మాట సంగతి చూద్దాం. అందులో ఎంత మాయ ఉందో మన భాషలో చెప్పుకుంటేనే తెలుస్తుంది. పల్లెలో ఎవరైనా చేబదులు అడిగితే రెండు రూపాయల వడ్డీ అంటారు. అంటే నూటికి నెలకు రెండు రూపాయలు. మూడు రూపాయలంటే, "అమ్మో, మూడు రూపాయల వడ్డీనా!" అని గుండె మీద చెయ్యి వేసుకుంటాము. బాకీ పూర్తిగా కట్టకుండా మిగిల్చితే చాలా క్రెడిట్ కార్డుల మీద పడేది మూడున్నర రూపాయల వడ్డీ. పైగా ఆ వడ్డీ మీద నూటికి 18 చొప్పున జీఎస్టీ. ఊరి వడ్డీ వ్యాపారి దగ్గరికి వెళ్ళడానికి సిగ్గుపడే మనం, ఇంట్లో కూచుని అంతకన్నా ఎక్కువ వడ్డీ కడుతున్నాము.

మా ఆడబిడ్డ లెక్కే తీసుకోండి. 76 వేల మీద మూడున్నర చొప్పున ఒక నెల వడ్డీ 2,660 రూపాయలు. దానిమీద జీఎస్టీ సుమారు 479. కలిపితే 3,139. కనీసం కట్టవలసింది నూటికి 5 చొప్పున అనుకుంటే 3,800. అంటే ఆమె కట్టిన 3,800లో అసలుకు చేరింది 661 రూపాయలు మాత్రమే. బ్యాంకును బట్టి లెక్క కొంచెం అటూ ఇటూ ఉండవచ్చు గానీ, తీరు ఇదే. పైగా పాత బాకీ మిగిలి ఉన్నంతకాలం, కొత్తగా కొన్న సరుకుకు కూడా వడ్డీ లేని గడువు ఉండదు. కొన్న రోజు నుంచే వడ్డీ. కనీసం కట్టడం వల్ల గడువు తప్పిన మచ్చ రాదు, నిజమే. కానీ కార్డు ఖాళీ కాదు. కార్డు ఖాళీ కాకపోతే స్కోరు లేవదు.

అయితే మనం ఏం చేయాలి? కార్డు విరిచి పొయ్యిలో పెట్టమని నేను చెప్పను. అవసరానికి పనికివచ్చే వస్తువే అది. వాడే పద్ధతి తెలియాలి.

ఒకటి. కార్డు పరిమితిలో మూడోవంతుకు మించకుండా వాడుకోండి. నూటికి 30 పాళ్ళ లోపు ఉంటే మంచిదని అనుభవజ్ఞులు చెబుతారు. ఇది చట్టం కాదు, మంచి అలవాటు. 80 వేల కార్డుకు 24 వేలు అనుకోండి. పండుగకో, పెళ్ళికో ఒక నెల దాటితే కొంపలు మునగవు. నెల నెలా దాటితేనే చిక్కు.

రెండు. ఖర్చు ఎక్కువైన నెలలో గడువు దాకా ఆగకండి. బిల్లు తయారయ్యే తేదీకి నాలుగు రోజుల ముందే చేతిలో ఉన్నంత కట్టేయండి. అప్పుడు బిల్లులోనే బాకీ తక్కువగా కనబడుతుంది. బిల్లు తేదీ వేరు, కట్టవలసిన గడువు వేరు. ఈ రెండు తేదీలూ వంటింటి క్యాలెండరు మీద గుర్తు పెట్టుకోండి.

మూడు. రెండు కార్డులుంటే ఒకదాన్ని పూర్తిగా నింపి, రెండోదాన్ని ఖాళీగా ఉంచకండి. ఒక్కొక్క కార్డునూ చూస్తారు, అన్నీ కలిపీ చూస్తారు. అట్లాగే పాత కార్డు ఎందుకులే అని తొందరపడి మూయించకండి. దాని పరిమితి పోతే, ఉన్న బాకీయే పెద్దదిగా కనబడుతుంది. ఏటా రుసుము ఎక్కువగా ఉంటే మాత్రం ఆలోచించుకోండి.

నాలుగు. ఒక బ్యాంకు కాదన్నదని వెంటనే మరో నాలుగు బ్యాంకులకు దరఖాస్తు పెట్టకండి. ప్రతి బ్యాంకూ మన చిట్టా తెప్పించుకుని చూస్తుంది. అలా చూసిన ప్రతిసారీ అక్కడ రాసి ఉంటుంది. తక్కువ రోజుల్లో ఎక్కువమంది చూస్తే, ఈమెకు డబ్బు ఇబ్బంది ఎక్కువగా ఉన్నట్టుందని అర్థం తీస్తారు.

అయిదు. ఇది అన్నిటికన్నా ముఖ్యం. మీ చిట్టా మీరు చదువుకోండి. ఆ నాలుగు సంస్థలూ ఏడాదికి ఒకసారి పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వాలి. 2017 నుంచి ఈ హక్కు మనకు ఉంది. మన చిట్టాను మనం చూసుకుంటే స్కోరు తగ్గదు. కట్టేసిన అప్పు ఇంకా ఉన్నట్టు చూపినా, మీది కాని అప్పు మీ పేరున కనబడినా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో పరిష్కరించకపోతే ఆపైన రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని నియమం ఉంది. అది 2024 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చింది.

మరొక మాట కూడా చెప్పాలి. మనలో చాలామంది వాడేది భర్త కార్డుకు అనుబంధంగా ఇచ్చిన కార్డు. దానిమీద మనం చేసే ఖర్చు ఆయన లెక్కలోకే పోతుంది. మన చేతి ఖర్చు ఆయన స్కోరును తగ్గించగలదు. అట్లాగే మా ఆడబిడ్డ ఇంట్లో జరిగినట్టు, మన పేరున ఉన్న కార్డును ఎవరు వాడినా తగ్గేది మన స్కోరే. ఇందులో ఆయన తప్పు, ఆమె తప్పు అని పోట్లాడుకోవలసింది లేదు. ఎవరి పేరున ఎంత ఉందో ఇద్దరూ కలిసి కూచుని చూసుకోవాలి. అంతే.

ఇటువంటి లెక్కలు మనకు రావని అనుకోకండి. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా అంగళ్ళు మూయించి దేశానికి దారి చూపింది మన జిల్లాలోనే. ఆ తర్వాత రోజుకొక రూపాయి చొప్పున పొదుపు మొదలుపెట్టి, ఊరూరా సంఘాలు కట్టుకున్నదీ ఈ జిల్లా ఆడవాళ్ళే. మా ఆడబిడ్డ వాళ్ళ అత్తగారు అటువంటి సంఘంలో మనిషే. ఆమెను అడిగితే చెబుతుంది. సంఘం కూడినప్పుడల్లా ఎవరు ఎంత కట్టారు, ఎవరికి ఎంత బాకీ అని పుస్తకం అందరి ముందూ చదివేవారట. చదువు రానివాళ్ళకు కూడా తమ లెక్క నోటికి వచ్చేదట. "మీ కార్డు పుస్తకం ఎవరు చదివి వినిపిస్తారే?" అని కోడల్ని అడిగిందామె. కోడలి దగ్గర జవాబు లేదు. కార్డు లెక్క ఎవరూ చదివి వినిపించరు. మనమే చదువుకోవాలి.

ఆ తర్వాత ఏమైందని అడుగుతారేమో. మరుసటి పంటకు ధర పెద్దగా లేకపోయినా, వచ్చిన డబ్బులో ముందు కార్డుకే కట్టారు. బాకీ 20 వేలకు దిగింది. డీజిలుకు ఆ కార్డు వాడటం మానేశారు. మూడు నెలలు తిరిగేసరికి స్కోరు మళ్ళీ పైకి లేచింది. రెండో విడత ఫీజుకు అదే బ్యాంకులో చదువు అప్పు మంజూరయింది. గాజులు మాత్రం సంక్రాంతికి గానీ విడిపించుకోలేకపోయింది. ఆ నాలుగైదు నెలల తాకట్టు వడ్డీ, బోసి చేతులతో నాలుగు పేరంటాలకు వెళ్ళిన బాధ, అవే ఆమెకు ఈ పాఠానికి కట్టిన ఫీజు.

ఇప్పుడు వాళ్ళింట్లో బియ్యం డబ్బా మీద ఒక నోటుపుస్తకం ఉంటుంది. కార్డు మీద ఎవరు ఏం కొన్నా ఆ రాత్రి అందులో రాయాలి. ఆయన కూడా రాస్తాడు. 24 వేలు దాటబోతుంటే అమ్మాయి ఎర్ర సిరాతో గీత గీస్తుంది. ఆ గీత పడితే ఆ నెలకు కార్డు బీరువాలోకి వెళుతుంది.

మీరు కూడా ఈ వారంలో ఒకరోజు తీరిక చేసుకుని మీ కార్డు బిల్లు తీసి చూడండి. పరిమితి ఎంత, బాకీ ఎంత, బిల్లు తేదీ ఏది అన్న మూడు సంగతులు ఒక కాగితం మీద రాసుకోండి. మీ పేరు మీద ఉన్న పరపతి మీ కష్టార్జితం. దాని లెక్క మీకే తెలియకపోతే ఎట్లా?

మళ్ళీ కలుసుకుందాం. సెలవు.